ప్రథమ భోక్త

రిటైరయ్యాక ఏం చేస్తారని ఎవరైనా అడిగితే తీర్థయాత్రలని చెప్పేదాన్ని. నిజం చెబితే నవ్వుతారని భయం. నిజం ఏమిటంటే, నేను అప్పటికే ఒక స్టీలు కంచం కొని వంటింట్లో పై అరలో దాచుకున్నాను. అంచు ఎత్తుగా, చేతికి బరువుగా ఉన్న మంచి కంచం. జూలై ఒకటో తారీకు మధ్యాహ్నం, అప్పుడే పొయ్యి మీంచి దించిన అన్నం అందులో వేసుకుని, మా వంటింట్లో కింద కూర్చుని, పొగలు పోకముందే తినాలి. అంతే నా కోరిక. పెళ్ళయిన ఏడే ఉద్యోగంలో చేరినదాన్ని. వారమంతా క్యారేజీలో చల్లారిన అన్నం. ఆదివారం ఇంట్లోనే ఉన్నా, అందరికీ వడ్డించి నా వంతు వచ్చేసరికి అదీ చల్లారేది.

నేను పనిచేసేది తాడేపల్లిగూడెంలో, ధాన్య నిల్వల సంస్థలో. సిబ్బంది విభాగానికి సూపరింటెండెంటుని. ఎవరు ఎప్పుడు చేరారు, ఎవరు ఎప్పుడు దిగిపోవాలి అన్నది చూసేది నేనే. జూన్ నెలాఖరుకి నాకు అరవై నిండుతాయి. ఆ సంగతి నాకు ఇంకెవరూ గుర్తు చెయ్యక్కర్లేదు.

సంక్రాంతి సెలవులయ్యాక మా ఎం.డి. కమలాకర్‌గారు దీర్ఘాయుష్షు మీద ఏదో శిక్షణకి వెళ్ళొచ్చారు. పంచదార మానేశారు. చేతికి ఒక గడియారం కట్టుకొచ్చారు, అది ఆయన ఎక్కువసేపు కూర్చుంటే వణుకుతుంది. అది వణికినప్పుడల్లా ఆయన లేచి ఆఫీసంతా తిరిగేవారు. అలా తిరుగుతూ ఒకరోజు మమ్మల్ని వెంటబెట్టుకుని గోడౌన్లోకి వెళ్ళారు.

అక్కడ క్వాలిటీ ఇన్‌స్పెక్టర్ భార్గవ్ బస్తాలోకి ఇనప గొట్టం గుచ్చి గింజలు తీసి చూస్తున్నాడు. ముప్పై ఒక్కేళ్ళ కుర్రాడు. బొద్దుగా ఉంటాడు, ఎప్పుడూ నవ్వుతూ ఉంటాడు.

"ఆ వెనక బస్తాలు పాతవి కదా. కొత్తవి ముందెందుకు పంపిస్తున్నావు?" అన్నారు ఎం.డి.

"అవి పాతవైనా గింజ గట్టిగా ఉందండి. ఇవి నిన్నగాక మొన్న వచ్చినా తేమ ఎక్కువండి. పురుగు పట్టకముందే పంపెయ్యాలి. మనం చూసేది తేదీ కాదు కదండీ, గింజ ఎలా ఉందనేనండి."

ఎం.డి.గారు ఉన్నచోటే నిలబడిపోయారు. గడియారం వణికింది. ఆయన పట్టించుకోలేదు.

"బస్తాకి ఉన్న న్యాయం మన సంస్థలో మనిషికి లేదు," అన్నారు.

పాపం భార్గవ్, తనని మెచ్చుకున్నారనుకుని నవ్వాడు.

సోమవారం సర్క్యులర్ వచ్చింది. "ఇందుమూలముగా సిబ్బందికి తెలియజేయునది ఏమనగా, ధాన్యము విషయమున తేదీని గాక గింజ స్థితిని ప్రమాణముగా గైకొనుచున్న మన సంస్థ, సిబ్బంది విషయమున మాత్రము పుట్టిన తేదీని పట్టుకొని వ్రేలాడుట శాస్త్రీయము కాదు. ఇకమీదట ప్రతి ఉద్యోగి యొక్క జీవక్రియ వయసు నిర్ధారింపబడును. అది అరవై చేరిన దినమున సదరు ఉద్యోగి విరమణ పొందును. చేరనంతవరకు పొందజాలడు."

ఆ ఆఖరి వాక్యం దగ్గర నా కన్ను కాసేపు ఆగింది. కానీ మోకాళ్ళ నొప్పులున్నదాన్ని, చత్వారం వచ్చినదాన్ని, జుట్టుకి రంగు వేసుకోనిదాన్ని, నాకేం భయంలే అనుకున్నాను.

మిషన్ వచ్చింది. చూడ్డానికి బరువు చూసుకునే మిషన్‌లాగే ఉంది. చెప్పులు విడిచి దాని మీద నిలబడి, రెండు పిడులు రెండు చేతుల్తో పట్టుకోవాలి. అది కాసేపు గుయ్యిమని, ఒంట్లో కొవ్వెంత, కండ ఎంత, తిన్నది ఎలా అరుగుతోంది అన్నీ చూసుకుని, మన అసలు వయసు చెబుతుందిట. దానితోపాటు ఆహార సలహాదారు డాక్టర్ ఇందుశేఖర్ కూడా వచ్చారు. మనిషి మనిషికీ మధ్య తడిబట్టతో మిషన్ తుడిచే పని, అంటే దాని సంరక్షణ బాధ్యత, నాకు అప్పగించారు.

మొదట భార్గవ్ ఎక్కాడు. అరవై ఒకటి.

"రాత్రిళ్ళు లారీలు దిగేదాకా గోడౌన్లోనే ఉంటాడండి. బిర్యానీ పొట్లాలు, గేటు దగ్గర బజ్జీలు, కూల్ డ్రింకులు," అన్నాడు పక్కవాడెవడో, తన వంతు ఇంకా రాలేదు కాబట్టి ధైర్యంగా.

"మెటబాలిజం పూర్తిగా నెమ్మదించింది," అన్నారు డాక్టరుగారు. "జీవక్రియపరంగా ఈయన పండు వృద్ధుడు."

"సార్, నాకు పెళ్ళయి మూణ్ణెల్లేనండి," అన్నాడు భార్గవ్.

"శుభం. ఇక తీరిగ్గా కాపురం చేసుకోవచ్చు," అన్నారు ఎం.డి.

ఆఖర్న నేనెక్కాను. మోకాళ్ళు నొప్పెడుతున్నాయని గట్టిగానే అన్నాను, మిషన్‌కి వినబడుతుందేమోనని. అది గుయ్యిమంది. నలభై ఒకటి చూపించింది.

అందరూ చప్పట్లు కొట్టారు. డ్రైవరు సత్తిబాబు, "మా చెల్లెలి కంటే చిన్నవారండి మీరు, మేడమ్ గారండి," అన్నాడు. ఎం.డి.గారు ముందుకొచ్చి, "హైమవతిగారూ, సంస్థ మీ సేవలను మరో పంతొమ్మిది సంవత్సరాలు వినియోగించుకుంటుంది," అని ప్రకటించారు.

సాయంత్రం ఇంటికొచ్చి చెప్పాను. మా ఆయన రత్నంగారు హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. పేపరు దించి నన్ను కొత్తగా చూశారు.

"నలభై ఒకటా? అంటే నాకంటే ఇరవై రెండేళ్ళు చిన్నదానివి. చూసేవాళ్ళు ఏమనుకుంటారు?"

"ఏమీ అనుకోరు. పంతొమ్మిదేళ్ళు క్యారేజీ కట్టుకోవాలి నేను."

మా అత్తగారు మంగతాయారమ్మగారికి ఎనభై నాలుగు. చిక్కుడుకాయలు ఒలుస్తూ తలెత్తకుండా అన్నారు: "మరి పై అరలో ఆ కంచం ఎందుకు కొన్నావే అమ్మాయ్?"

ఆవిడ చూశారని నాకు అప్పటిదాకా తెలీదు. చిక్కుడుకాయలు తీసుకుని లోపలికెళ్ళాను.

ఆ వారంలోనే భార్గవ్‌కి వీడ్కోలు సభ జరిగింది. శాలువా కప్పారు, దండ వేశారు, గోడ గడియారం ఇచ్చారు. ఆనవాయితీ ప్రకారం భార్యని పక్కన కూర్చోబెట్టారు. ఆ పిల్ల మెళ్ళో పసుపుతాడు ఇంకా పచ్చగానే ఉంది. అకౌంట్స్ ఆఫీసరుగారు మైకు పట్టుకుని, ప్రతి వీడ్కోలు సభలో చెప్పేదే చెప్పారు. "సుదీర్ఘ కాలం సంస్థకి సేవలందించిన భార్గవ్‌గారు తమ శేష జీవితాన్ని మనవలతో, మనవరాళ్ళతో ఆనందంగా గడపాలి."

భార్గవ్ భార్య నా వైపు వంగి మెల్లిగా అడిగింది. "మేడమ్, రేపట్నించి ఈయన బస్సులో పెద్దవాళ్ళ సీట్లో కూర్చోవచ్చాండీ?"

"కూర్చోమను తల్లీ. ఎవరైనా అడిగితే మా ఆఫీసు పేరు చెప్పమను."

ఆ పిల్ల నవ్వబోయి ఏడ్చింది. ఉద్యోగం చూసే పిల్లనిచ్చారుట.

మర్నాడు ఎం.డి.గారూ డాక్టరుగారూ నన్ను గదిలోకి పిలిచారు. నా యవ్వన రహస్యం కనిపెట్టి సంస్థ మొత్తానికి పంచాలని వాళ్ళ ఉద్దేశం.

"మీరు రాత్రి భోజనం ఎన్నింటికి చేస్తారు?" అన్నారు డాక్టరుగారు.

"అందరూ తిన్నాకండి."

"అందరూ ఎప్పుడు తింటారు?"

"వాళ్ళకి ఆకలేసినప్పుడండి."

"ఎంత తింటారు మీరు?"

"మిగిలినంతండి."

"ఏమీ మిగలకపోతే?"

"మజ్జిగ తాగుతానండి."

డాక్టరుగారు ఎం.డి.గారి వైపు అర్థవంతంగా చూశారు. "ఉపవాసాలేమైనా?"

"శుక్రవారం అమ్మవారికి. శనివారం మా ఆయన ఆరోగ్యానికి. మా పిల్లాడు చదువుకునే రోజుల్లో పరీక్షలున్నన్నాళ్ళూ మంగళవారం కూడా ఉండేదాన్నండి."

"కూర్చుని తింటారా, నిలబడా?"

"వంటగట్టు దగ్గర నిలబడేనండి. మళ్ళీ ఎవరైనా పిలిస్తే లేవక్కర్లేకుండా."

"వేడిగా?"

చల్లారిన ఆహారం అని ఆయనే రాసుకున్నారు.

"అద్భుతం," అన్నారు. "ఆహార నియంత్రణ ఉంది, విరామ ఉపవాసం ఉంది, నిలబడి తినడం వల్ల వ్యాయామం ఉంది. ఆయువు పెంచడానికి ఇంతకన్నా ఏం కావాలి? ఈ విధానం ఎక్కడ నేర్చుకున్నారు?"

"అత్తగారింట్లోనండి."

దానికి వాళ్ళు శేషాహార పద్ధతి అని పేరు పెట్టారు. ఇంటికొచ్చి చెబితే మా అత్తగారు కాసేపు ఆలోచించి, "నేనూ యాభై ఏళ్ళు ఆఖరునే తిన్నాను. నన్నెవరూ మిషనెక్కించలేదే," అన్నారు. బాధపడ్డారో వేళాకోళమాడారో తెలీలేదు.

రెండో సర్క్యులర్ వచ్చింది. గెజిటెడ్ స్థాయి అధికారులందరూ సంస్థ క్యాంటీన్లో విధిగా అందరికన్నా ఆఖరున, మిగిలినది మాత్రమే, నిలబడి, చల్లార్చి భుజించవలెను. హోదా పెరిగిన కొద్దీ ఆఖరుకి జరగవలెను. అందరికన్నా చివర ఎం.డి.గారు.

క్యాంటీన్ నడిపే సూరమ్మ మొదటిరోజు పన్నెండున్నరకి గంట కొట్టింది. ఎవరూ కదల్లేదు. అటెండర్లకి కూడా సంగతి తెలిసిపోయింది.

"మీరు కానివ్వండి," అన్నారు గుమాస్తాలు.

"అబ్బే, మీ ముందు మేమెంతండి. మీరు కానివ్వండి," అన్నారు అటెండర్లు.

"ముందు తిని నేను ముసలాణ్ణైపోవాలా ఏంటండి? నాకింకా పిల్లలు చిన్నోళ్ళు," అన్నాడు సత్తిబాబు.

మూడున్నర దాకా ఎవరూ కంచం ముట్టుకోలేదు. అధికారులు గోడకి చేరబడి నిలబడ్డారు. కూర్చోనందుకు ఎం.డి.గారి గడియారం ఒక్కటే ఆయన్ని మెచ్చుకుంటూ ఉంది. చివరికి సూరమ్మ వచ్చి చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూ అంది. "ఎవరో ఒకరు తింటేనేగా అయ్యగారూ మిగిలేది. మొత్తమంతా ఉంటే దాన్ని మిగిలిందనరండి. వండిందంటారు."

ఈ సమస్య మీద ఎం.డి.గారి గదిలో సమావేశం జరిగింది. శేషం ఉండాలంటే ముందు భోజనం జరగాలి. ఆ భోజనం చేసినవారికి వయసు పెరిగే ప్రమాదం ఉంది. ఆ ప్రమాదాన్ని సంస్థ కోసం భరించగలిగినంత వయసు నిల్వ ఎవరి దగ్గర ఉంది? అందరూ నా వైపు తిరిగారు.

"శ్రీమతి హైమవతి, సూపరింటెండెంట్, తమ సొంత విధులకు అదనముగా ప్రథమ భోక్తగా నియమింపబడిరి. వీరు ప్రతిదినము మధ్యాహ్నము పన్నెండున్నరకు, అందరికన్నా ముందు, కూర్చుండి, వేడిగా, తృప్తిగా భుజించి, సంస్థకు తగినంత శేషమును సమకూర్చవలెను."

అది శిక్ష అనుకున్నారు వాళ్ళు. నేను మాత్రం మరోలా లెక్కేసుకున్నాను. చద్దన్నం తిని నలభై ఒకటి దగ్గర ఆగితే, వేడన్నం తింటే జూన్‌కల్లా అరవైకి చేరలేనా? ముసలిదాన్నైపోవడానికి సంస్థే నాకు దారి చూపించింది. ఆ దారిలో శ్రద్ధగా నడవాలనుకున్నాను.

మొదటి రోజు నాకు బల్ల వేసి అరిటాకు పరిచారు. చుట్టూ అధికారులు చేతులు కట్టుకుని నిలబడి నా ముద్దలు చూస్తున్నారు. అంతమంది ఆకలితో చూస్తుంటే అన్నం గొంతు దిగలేదు. మర్నాడూ దిగలేదు. ఆ మర్నాడు సూరమ్మ గుత్తివంకాయ చేసింది. దిగింది.

అప్పట్నించి వెనక్కి చూడలేదు. ముద్దపప్పులో నెయ్యి, గోంగూర, పనసపొట్టు కూర, ములక్కాడల చారు. మారు వడ్డించమని నా నోటితో నేను అడగడం నేర్చుకున్నాను. ఓరోజు అకౌంట్స్ ఆఫీసరుగారు ఉండబట్టలేక, "మేడమ్, వంకాయలు రెండే మిగిలాయండి," అన్నారు.

"మిగిలింది తినడమేగా సార్ పద్ధతి. ఏం మిగలాలో సర్క్యులర్లో లేదు," అన్నాను. అలా అనగలనని నాకూ తెలీదు.

నేను తిన్నాక అటెండర్లు, వాళ్ళ తర్వాత గుమాస్తాలు, ఆ తర్వాత అధికారులు. ఎం.డి.గారి వంతు వచ్చేసరికి నాలుగు దాటేది. అడుగంటిన మాడు గీకి, చారు నీళ్ళు పోసుకుని నిలబడి తినేవారు. గడియారం దగ్గర మంచి పేరే తెచ్చుకున్నారు గానీ, బుగ్గలు లోపలికి పోయాయి. సాయంత్రం అయ్యేసరికి ఎవరేం అడిగినా విసుక్కునేవారు. ఆయన గది వెనక గేటు బజ్జీల వాసన వస్తోందని సత్తిబాబు అనేవాడు. నేను నమ్మలేదు.

ఈ పద్ధతి మెల్లిగా ఊళ్ళోకి పాకింది. మా ఆయన వాకింగ్ స్నేహితులందరూ ఇళ్ళల్లో మొదలెట్టారుట. ఒక రాత్రి మా ఆయన కంచం ముందు కూర్చోకుండా వంటగట్టు దగ్గర నిలబడ్డారు.

"ముందు నువ్వూ అమ్మా తినెయ్యండి. నేను మిగిలింది తింటాను. నాకు మాత్రం ఆయుష్షు వద్దా?"

"మగపిల్లాడు తినకుండా నేను తినడమేంట్రా," అన్నారు మా అత్తగారు, మంచమ్మీంచి దిగకుండా. ఆవిడ పాత పద్ధతి వదల్లేదు. నేనొక్కదాన్నే తిన్నాను. ఆయన పక్కనే తచ్చాడుతూ గిన్నెలోకి తొంగి చూశారు.

"వేపుడంతా వేసేసుకున్నావేంటి హైమా?"

"ఆకలేసిందండి."

"నాకూ వేస్తోంది," అన్నారాయన ఆశ్చర్యంగా. "నువ్వు రోజూ ఇలాగే నిలబడేదానివా?"

ఇలాగే అన్నాను. ఆయన చిక్కుడుకాయ కూర గిన్నె తుడిచి తిన్నారు.

మే నెలాఖరుకి మళ్ళీ కొలతలు తీశారు. నెలల తరబడి తిన్న నెయ్యి మీద నమ్మకంతో మిషనెక్కాను. ముప్పై ఏడు.

"ఇదెలా సాధ్యం?" అన్నారు డాక్టరుగారు.

"తింటున్నాను కదండీ, డాక్టరు గారూ. వేళకి, కూర్చుని. మధ్యాహ్నం పూట కళ్ళు తిరగడం లేదు. మోకాళ్ళ నొప్పులు కూడా తగ్గాయండి," అన్నాను. చెబుతుంటే నాకే ఏడుపొచ్చింది.

ఆయన కాసేపు కలం నమిలి, మినహాయింపు అని రాసుకున్నారు. నా సర్వీసు ఇరవై మూడేళ్ళకి పొడిగించారు. ఆ రాత్రి ఇంటికెళ్ళి పై అరలో కంచం మీద దుమ్ము తుడిచి, మళ్ళీ అక్కడే పెట్టాను.

ఎం.డి.గారు మాత్రం ఇంతవరకూ మిషనెక్కలేదు. త్రాసును తూచే త్రాసు ఉండదని మొదట్లోనే వివరణ ఇచ్చారు.

జూన్ ఆఖరి వారంలో సంస్థ ఛైర్మన్‌గారు తనిఖీకి వచ్చారు. రైసుమిల్లు యజమాని. పంచెకట్టు, నిదానంగా మాట్లాడతారు. ఎం.డి.గారు నన్ను మిషన్ పక్కన నిలబెట్టి చూపించారు. "వీరే మా ప్రథమ భోక్త. వయసు ముప్పై ఏడు."

ఛైర్మన్‌గారు నా తెల్లజుట్టు వైపు, మిషన్ వైపు చూశారు. "బాగుందయ్యా. మరి నీదెంత?"

"నా విషయం సార్, పాలనాపరంగా..."

"ఆఖర్న తినేది నువ్వేనంటగా. అందరికంటే కుర్రోడివి నువ్వే అయ్యుండాలి. ఎక్కు, చూద్దాం."

ఎం.డి.గారు నా వైపు చూశారు. మిషన్ సంరక్షణ నా బాధ్యత. తడిబట్టతో పలక శుభ్రంగా తుడిచాను. "చెప్పులు ఇక్కడ విడవండి సార్. పిడులు గట్టిగా పట్టుకోవాలండి," అన్నాను.

మిషన్ మామూలు కంటే ఎక్కువసేపు గుయ్యిమంది. అరవై ఎనిమిది. ఆయన పుట్టిన తేదీ ప్రకారం నలభై తొమ్మిది.

పెద్దాయన కదా, పడిపోకుండా సత్తిబాబు ఎం.డి.గారికి ఓ చెయ్యి ఆసరా ఇచ్చాడు.

"మరి శాలువా తెప్పించండి," అన్నారు ఛైర్మన్‌గారు.

ఎం.డి.గారు మిషన్ మీంచి దిగలేదు. రెండు పిడులూ పట్టుకునే ఆలోచించారు. ఆయన పెద్ద చదువులు ఊరికే చదవలేదు. "హైమవతిగారూ, రాసుకోండి," అన్నారు.

"జనవరి నెలలో సదరు ఉత్తరువు జారీ చేసిన అధికారి, ఆ ఉత్తరువు ప్రకారమే, జారీ చేసిన నాటికే విరమణ పొందినవాడగుచున్నాడు. విరమణ పొందినవానికి ఉత్తరువు జారీ చేయు అధికారము లేదు. కావున సదరు ఉత్తరువు మొదటి నుండియు చెల్లదు. ఉత్తరువు చెల్లదు గనుక సదరు అధికారి విరమణ పొందలేదు. పొందలేదు గనుక ప్రస్తుత ఉత్తరువు జారీ చేయు అధికారము వారికి కలదు."

"జనవరిలో మీకెంతో మనం చూడలేదు కదండీ," అన్నాను కలం ఆపి.

"ఆరు నెలల్లో ఎనిమిదేళ్ళు పెరుగుతానా హైమవతిగారూ? జనవరికే నేను అరవై దాటిపోయి ఉంటాను. నా మొహం చూడండి. చూసి చెప్పండి."

తను ముసలివాణ్ణని ఒక మనిషి అంత పట్టుదలగా వాదించడం నేనప్పుడే చూశాను. చూసే చెప్పాను. నిజమేనండి అన్నాను. నా జన్మలో ఇంత చక్కగా, ఒక్క తప్పు లేకుండా ఇంకే ఉత్తరువూ రాయలేదు.

అందరికీ పుట్టిన తేదీలు తిరిగొచ్చాయి. భార్గవ్ మర్నాడే గోడౌన్లోకి వచ్చేశాడు. శాలువా, గోడ గడియారం తిరిగి అప్పగించాడు. జూన్ నెలాఖరున నా వీడ్కోలు సభలో అవే నాకు ఇచ్చారు. అకౌంట్స్ ఆఫీసరుగారు నా శేష జీవితం గురించి మాట్లాడబోయి, శేషం అన్న మాట దగ్గర ఎందుకో ఆగిపోయారు.

జూలై ఒకటి. దోసకాయ పప్పు, గుత్తివంకాయ చేశాను. అన్నం వార్చి దించాను. ఉత్తరువు రద్దయిందని తెలిసింది కాబట్టి మా ఆయన ఆయుష్షు సంగతి మర్చిపోయి, ఎప్పటిలాగే వచ్చి పీట మీద కూర్చున్నారు.

"హైమా, వడ్డించు."

పై అరలోంచి కంచం దించాను. అన్నం, పప్పు, కూర వేసుకుని, ఆయనకి ఎదురుగా కింద కూర్చున్నాను. మొహానికి ఆవిరి తగిలింది.

"గిన్నెలు గట్టు మీదున్నాయండి," అన్నాను.

ఆయన నా కంచం వంక చూశారు. వంటగట్టు వంక చూశారు. మొన్నటిదాకా తను నిలబడింది అక్కడే. లేచారు.

గుమ్మంలో అలికిడి అయింది. మా అత్తగారు గోడ పట్టుకుని లోపలికొచ్చి, మెల్లిగా నా పక్కన కూర్చున్నారు. కొడుకు తినకుండా ఆవిడ అన్నం ముందు కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

"రత్నం," అన్నారు. "ఆ చేత్తోనే నాకూ ఓ కంచం పట్రా. వేడిగా ఉండగానే వెయ్యి. ఎనభై నాలుగొచ్చాయి, ఇంకా కుర్రదానిలా ఉండి నేను చేసేదేముంది?"

ఆయన కంచం వెతుకుతున్నారు. ఎక్కడుందో నాకు తెలుసు. చెప్పాను గానీ, లేవలేదు.